బయలుదేరిన మనిషిని వెనక నుంచి పిలవకండి

ప్రశ్న: మాది గుంటూరు బ్రాడీపేట. మా నాన్నగారికి 56 ఏళ్లు. నీటికాసుల జబ్బుతో ఆరేడేళ్లుగా చూపు తగ్గుతూ వచ్చి, ఏడాదిన్నర కిందట రెండు కళ్లూ పూర్తిగా పోయాయి. విజయవాడ గవర్నరుపేటలో ఒక మందుల హోల్‌సేల్ వ్యాపారి దగ్గర 20 ఏళ్లు లెక్కలు రాశారు. చూపు పోయాక మానేశారు. ఇప్పుడు ఆ యజమానే కబురు పెట్టి, వారానికి మూడు రోజులు వచ్చి పాత ఖాతాలూ బాకీల వసూళ్లూ చూడమంటున్నారు. నాన్న ఒక్కరే బస్సులో వెళ్లి వస్తానంటున్నారు. అమ్మా నేనూ వద్దంటున్నాం. ఆయన ఫోను, యూపీఐ పిన్, బ్యాంకు పాస్‌వర్డు అన్నీ నా దగ్గరే ఉంటాయి, చెల్లింపులన్నీ నేనే చేస్తాను. పోయిన నెల బ్యాంకు యాప్‌లో కేవైసీ కోసం కెమెరా వైపు చూసి కనురెప్పలు ఆర్పమంటే ఆయన వల్ల కాలేదు. శాఖకు తీసుకువెళితే, "మీ అమ్మాయి పేరున పవర్ ఆఫ్ అటార్నీ రాసిచ్చేయండి, గొడవ వదిలిపోతుంది" అన్నారు. ఆ రాత్రి నాన్న అన్నం తినలేదు, నాతో రెండు రోజులు మాట్లాడలేదు. ఆయన మంచి కోరే ఇదంతా చేస్తున్నాను. మాది తప్పా? ఎక్కడ మొదలుపెట్టాలి?
— ఒక కూతురు, గుంటూరు

సమాధానం: అమ్మా, మీ ఉత్తరాన్ని నా ఫోను నాకు రెండుసార్లు చదివి వినిపించింది. రెండోసారి, "నాతో రెండు రోజులు మాట్లాడలేదు" అన్నచోట ఆపి కాసేపు ఊరుకున్నాను. నాకు 34వ ఏట చూపు పోయింది. ఆ మొదటి ఏడాది నేను కూడా ఇంట్లోవాళ్లతో మాట్లాడని రోజులున్నాయి. కాబట్టి ఈ జవాబు అక్కడక్కడ మీ నాన్నగారి పక్షం వహించినట్టు అనిపిస్తే మన్నించండి.

మీరు రాసిన రెండింటిలో ప్రయాణం సంగతి మీకు పెద్దదిగానూ, డబ్బు సంగతి చిన్నదిగానూ తోస్తున్నట్టుంది. నాకు తలకిందులుగా తోస్తోంది. ప్రయాణం విషయంలో మీ భయానికి కారణాలున్నాయి, వాటిని తోసిపుచ్చను. పిన్ విషయంలో మాత్రం మొహమాటం లేకుండా చెబుతున్నాను, మీది తప్పే. 20 ఏళ్లపాటు పరాయివాళ్ల డబ్బును పైసాతో సహా లెక్క చూసిన మనిషి, ఈ రోజు తన ఖాతాలో ఎంతుందో తెలుసుకోవాలంటే కూతురు ఆఫీసు నుంచి వచ్చేదాకా ఆగవలసి వస్తోంది. మీ అమ్మగారికి చెప్పకుండా ఎవరికో వెయ్యి రూపాయలు చేబదులు ఇవ్వాలన్నా, పండక్కి మీకే చీర కొనాలన్నా, ముందు మీకే చెప్పి మీ చేతే డబ్బు పంపించాలి. చూపు పోయినప్పుడు ఆయన పోగొట్టుకున్నది చూపు ఒక్కటే. రహస్యం అనేది ఆ తర్వాత పోయింది, అది మన చేతుల మీదుగా పోయింది.

దీనికి మరో పక్క కూడా ఉంది. అక్రమ లావాదేవీల్లో ఖాతాదారు బాధ్యత ఎంతన్న దానిపై రిజర్వు బ్యాంకు 2017 జూలైలో ఇచ్చిన ఆదేశాల ప్రకారం, ఖాతాదారు తన పిన్‌నో పాస్‌వర్డునో ఇతరులకు చెప్పడం వల్ల నష్టం జరిగితే, ఆ సంగతి బ్యాంకుకు తెలియజేసేదాకా జరిగిన నష్టమంతా ఆయనే భరించాలి. ఆ "ఇతరులు" కూతురైనా సరే. రేపు ఏ మోసగాడో ఆయన ఖాతా ఖాళీ చేస్తే, "పిన్ మీ అమ్మాయికి తెలుసు కదా" అన్న ఒక్క మాటతో బ్యాంకు చేతులు దులుపుకోగలదు.

అందుకని మొదలుపెట్టవలసింది ఫోనుతో. ఆయనది ఆండ్రాయిడ్ ఫోనే అయి ఉంటుందనుకుంటాను. సెట్టింగులలో యాక్సెసిబిలిటీ అన్న విభాగంలో, తెర మీద ఉన్నదాన్ని పైకి చదివి వినిపించే టాక్‌బ్యాక్ ఉంటుంది, కొనవలసిన పని లేదు. చాలా ఫోన్లలో శబ్దం పెంచే తగ్గించే మీటలు రెండూ కలిపి మూడు సెకన్లు నొక్కి పట్టుకున్నా ఆన్ అవుతుంది. ఆన్ అయిన క్షణం నుంచి ఫోను నడవడి మారిపోతుంది. ఒకసారి తాకితే ఆ చోట ఏముందో చదువుతుంది, రెండుసార్లు వెంటవెంటనే తడితేనే పని చేస్తుంది, వేలును కుడివైపు జరిపితే తర్వాతి అంశానికి వెళుతుంది. తెర పైకీ కిందికీ జరపడానికి రెండు వేళ్లు కావాలి. ఇది తెలియక మొదటి రోజు ఇంటిల్లిపాదీ ఫోను చెడిపోయిందని కంగారు పడతారు. మా ఇంట్లోనూ పడ్డారు. తెలుగు గొంతు పెట్టుకోవచ్చు గాని, ఆయన లెక్కల మనిషి కనుక అంకెలు ఇంగ్లిషులో వినడమే అలవాటై ఉండవచ్చు, ఆ ఎంపిక ఆయనకే వదిలేయండి. చదివే వేగం మొదట బాగా తగ్గించి పెట్టండి. ఆరు నెలలు పోయాక ఆయనే పెంచుకుంటారు. నా ఫోను మాట్లాడే వేగం విని మా మనవరాలు అది తెలుగు కాదంటుంది.

పిన్ కొట్టేటప్పుడు చెవిలో ఇయర్‌ఫోను ఉండాలి. టాక్‌బ్యాక్ మెనూలో తెరను దాచే ఏర్పాటు ఒకటి ఉంటుంది. దాన్ని ఆన్ చేస్తే తెర పూర్తిగా నల్లబడి, ఫోను మాత్రం మామూలుగా పని చేస్తుంది. బస్సులో పక్క సీటు మనిషి తొంగిచూసినా కనిపించేదేమీ ఉండదు. చూపున్నవాళ్లకు లేని ఈ సౌకర్యం మాకుంది, మీ నాన్నగారికి చెప్పండి, నవ్వుతారు. ఇవన్నీ వచ్చాక పిన్, పాస్‌వర్డు రెండూ ఆయన చేతే మార్పించండి. కొత్తవి అడగవద్దు. ఆయన చెప్పబోయినా వినవద్దు.

ఇక పవర్ ఆఫ్ అటార్నీ, అంటే ఆయన తరఫున వ్యవహారాలు నడిపే అధికారం మీకు రాసివ్వడం. శాఖలో ఆ మాట అన్నవారు దురుద్దేశంతో అని ఉండరు, తెలియక అని ఉంటారు. అయినా అది చెల్లే మాట కాదు. చెక్కుబుక్కు, ఏటీఎం కార్డు, నెట్‌బ్యాంకింగు, లాకరు, అప్పు వంటి సదుపాయాలన్నీ అంధులకు ఏ వివక్షా లేకుండా ఇవ్వాలని రిజర్వు బ్యాంకు 2008 జూన్ 4నే అన్ని బ్యాంకులకూ చెప్పింది. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం 13వ సెక్షన్ ప్రకారం, ఇతరులతో సమానంగా తన ఆర్థిక వ్యవహారాలను తనే నడుపుకునే హక్కు ఆయనకు ఉంది. కన్ను కనబడకపోవడం వేరు, బుద్ధి నిలకడ లేకపోవడం వేరు. ఈ తేడా ఒక కౌంటరు వెనక కూర్చున్నవారికి తెలియకపోతే, చదువుకున్న కూతురుగా చెప్పవలసింది మీరు, అదీ ఆయన పక్కన నిలబడి. ఆయనకు బదులు మీరు మాట్లాడవద్దు. గుమాస్తా "ఈయన సంతకం పెడతారా?" అని మిమ్మల్ని అడిగితే, "ఆయననే అడగండి" అని ఊరుకోండి. ఆ చిన్న మాటకు ఎంత బలముందో శాఖలోనే చూస్తారు.

కేవైసీలో కనురెప్పలు ఆర్పే తంతు గురించి మీకు తెలిసి ఉండవలసిన తీర్పు ఒకటుంది. యాసిడ్ దాడిలో కళ్లు, ముఖం దెబ్బతిన్న ప్రజ్ఞా ప్రసూన్ వేసిన కేసులోనూ, దానితోపాటు అంధుడైన అమర్ జైన్ వేసిన కేసులోనూ సుప్రీంకోర్టు 2025 ఏప్రిల్ 30న తీర్పు ఇస్తూ, డిజిటల్ సేవలను అందుకోగలగడం రాజ్యాంగంలోని 21వ అధికరణం ఇచ్చే జీవించే హక్కులో భాగమేనని చెప్పింది. మనిషి సజీవంగా కెమెరా ముందు ఉన్నాడని తేల్చుకోవడానికి కనురెప్ప ఆర్పడం కాకుండా వేరే మార్గాలు కూడా ఉండాలనీ, కాగితాల మీద కేవైసీ చేసే పద్ధతిని కొనసాగించాలనీ అందులో ఆదేశాలున్నాయి. మొత్తం 20 ఆదేశాలు. కాబట్టి మీరు శాఖకు మళ్లీ వెళ్లి, యాప్ కుదరదు కనుక కాగితం మీద కేవైసీ చేయమని ఒక పేజీ అర్జీ రాసి ఇచ్చి, రెండో ప్రతి మీద ముద్ర వేయించుకోండి. నోటిమాటకు నోటిమాటే జవాబుగా వస్తుంది, ముద్ర పడిన కాగితానికి కాగితం మీద జవాబు రావాలి. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చినది సరిగా లేకపోయినా బ్యాంకుల మీద ఫిర్యాదులు విచారించే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు ఫిర్యాదు చేయవచ్చు. రుసుము లేదు, వకీలు అక్కరలేదు.

ఫిర్యాదు రాయడం గురించి కొంచెం నిలిచి చెబుతాను, ఎందుకంటే మనవాళ్లు ఇక్కడే చెడగొట్టుకుంటారు. "మీ యాప్ అంధులకు పనికిరాదు, దయచేసి మా కష్టాలు గమనించగలరు" అని రాస్తే, అవతల చదివే కుర్రవాడికి జాలి కలుగుతుంది, చేతికి పని మాత్రం దొరకదు. అతనికి కావలసింది ఏ తెర, ఏ మీట, ఏం వినిపించింది, ఏం వినిపించాలి అన్నవి.

ఒక టికెట్ల యాప్‌లో నాకు జరిగినది చెబుతాను. బస్సులో సీట్ల పటం వచ్చింది. చూపున్నవాళ్లకు అందులో ఖాళీవి ఒక రంగులో, నిండినవి ఒక రంగులో, ఆడవాళ్లవి మరో రంగులో ఉంటాయట. నా వేలు కింద మాత్రం "బటన్, బటన్, బటన్" అని 40 సార్లు వినిపించింది. విసుగెత్తి ఒకదాన్ని రెండుసార్లు తట్టాను, తీసుకుంది, డబ్బు కట్టాను. మర్నాడు బస్సెక్కి అడిగి అడిగి ఆ సీట్లో కూర్చుంటే, కండక్టరు వచ్చి, "ఇది లేడీస్ సీటు సార్" అన్నాడు. పక్కన ఒక ముసలమ్మ నిలబడి ఉందట. లేచాను. నా తప్పు ఏమిటో ఆ బస్సులో ఎవరికీ చెప్పలేకపోయాను, ఎందుకంటే అది నా తప్పులా కనిపించింది. ఆ రాత్రి ఆ సంస్థకు ఇలా రాశాను: ఫలానా ఫోను, ఆండ్రాయిడ్ ఫలానా వెర్షన్, మీ యాప్ ఫలానా వెర్షన్, టాక్‌బ్యాక్ ఆన్‌లో ఉంది. సీటు ఎంపిక తెరలో ప్రతి సీటునూ తాకితే "బటన్" అని మాత్రమే వినిపిస్తోంది. "12, కిటికీ పక్క, ఖాళీ" అనో "3, మహిళలకు, ఖాళీ" అనో వినిపించేలా ప్రతి సీటుకూ పేరు పెట్టాలి. కింద తెర రికార్డింగు జతపరిచాను. రెండు నెలలకు యాప్ కొత్త వెర్షన్‌లో సీటు నంబర్లు వినిపించాయి. కిటికీ పక్కదో కాదో ఇంకా వినిపించడం లేదు, మళ్లీ రాశాను.

ఈ ఫిర్యాదుల వెనక చట్టం లేదనుకోకండి. 2016 చట్టం 2017 ఏప్రిల్ 19 నుంచి అమలులో ఉంది. అందులో 41వ సెక్షన్ రవాణా గురించి, 42 సమాచార సాంకేతిక సేవల గురించి చెబుతాయి. నియమాలు వచ్చిన రెండేళ్లలోగా ప్రభుత్వ, ప్రైవేటు సేవాసంస్థలు రెండూ వాటిని పాటించాలని 46వ సెక్షన్ గడువు పెట్టింది. వెబ్‌సైట్లు, యాప్‌లు ఎలా ఉండాలో చెప్పే భారతీయ ప్రమాణం ఐఎస్ 17802ను 2023లో ఆ చట్టం కింది నియమాలలో చేర్చారు. రాజీవ్ రతూరి అనే అంధుడు 2005లో వేసిన కేసులో సుప్రీంకోర్టు 2024 నవంబరు 8న తీర్పు ఇస్తూ, ఈ ప్రమాణాలను ఇష్టముంటే పాటించే మార్గదర్శకాల్లా వదిలేసిన 15వ నియమం చట్టానికే విరుద్ధమని, తప్పనిసరిగా పాటించవలసినవాటిని విడదీసి మూడు నెలల్లో ప్రకటించాలని కేంద్రాన్ని ఆదేశించింది. ఆ తీర్పుకు ఆధారమైన నివేదిక తయారుచేసింది హైదరాబాదులోని నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయం వారే. ఆర్టీసీ వంటి రాష్ట్ర సంస్థల మీద రాష్ట్ర దివ్యాంగుల కమిషనరుకు, రైల్వే వంటి కేంద్ర సంస్థల మీద ఢిల్లీలోని చీఫ్ కమిషనరుకు రాయవచ్చు. కమిషనరు సిఫార్సు చేస్తే, దాని మీద ఏం చేసిందీ మూడు నెలల్లోగా సంబంధిత అధికారి తెలపాలి, ఒప్పుకోకపోతే కారణం చెప్పాలి. ఇవన్నీ మొదటి రోజే పెద్ద గొంతుతో వల్లించవద్దు. అర్జీ చివర ఒక్క వాక్యంలో సెక్షన్ నంబరు ఉంటే చాలు, చదవవలసినవారు చదువుకుంటారు.

ఇప్పుడు బస్సు. మీ భయం నాకు తెలుసు. గుంటూరులో మూత లేని మురుగుకాలువలు, ఎదురుగా వచ్చే బళ్లు, విజయవాడలో కాలిబాట మీద నిలిపిన మోటారుసైకిళ్లు, ఇవన్నీ నేను కాళ్లతో చదువుకున్నవే. కాలిబాటల మీద పసుపుపచ్చ పలకలు వేస్తారు చూడండి, గీతలున్నవి "ఇటు నడవండి" అనీ, బొడిపెలున్నవి "ఆగండి, ముందేదో ఉంది" అనీ చెప్పడానికి. ఒక రోడ్డులో ఆ గీతల పలకలు నన్ను చక్కగా తీసుకువెళ్లి కరెంటు స్తంభానికి కొట్టాయి. వేసినవారికి అవి అలంకారమని ఎవరో చెప్పి ఉంటారు.

అయినా మీ నాన్నగారు వెళ్లగలరు. ముందు తెల్లకర్ర నేర్చుకుంటే వెళ్లగలరు. కర్ర కొనడం, కర్ర నేర్చుకోవడం ఒకటి కాదు. నిలబడినప్పుడు నేల నుంచి రొమ్ము ఎముక దాకా వచ్చే పొడవు ఉండాలి. ఎడమ కాలు ముందుకు పడుతున్నప్పుడు కర్ర కుడివైపు తాకాలి, కుడి కాలు పడుతున్నప్పుడు ఎడమవైపు. అంటే తర్వాతి అడుగు పడబోయే చోటును కర్ర ముందే చూసి వస్తుంది. ఈ లయ ఒంటికి పట్టడానికి కొన్ని వారాలు పడుతుంది, నేర్పేవారు పక్కన ఉండాలి. విజయవాడ దగ్గర తాడిగడపలో ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్యశాల ఉంది, అక్కడ దృష్టి పునరావాసం గురించి అడగండి. కర్ర నడుము కింద ఉన్నదాన్నే చెబుతుంది. వేలాడే బోర్డులు, ఆగి ఉన్న లారీ వెనక పొడుచుకొచ్చిన ఇనుప చువ్వలు చెప్పదు. అందుకని అంచున్న టోపీ పెట్టుకోమనండి. నుదుటికి తగిలే ముందు అంచుకు తగులుతుంది. నేను టోపీ పెట్టుకునేది ఎండకని మా వీధివాళ్లు అనుకుంటారు.

గుంటూరు నుంచి నాన్‌స్టాప్ బస్సులోనే వెళ్లమనండి. స్టాపులు లెక్కపెట్టే బాధ ఉండదు, ఎక్కినచోటు ఎన్టీఆర్ బస్‌స్టేషను, దిగేచోటు పండిట్ నెహ్రూ బస్‌స్టేషను. దారి పొడుగునా ఆనవాళ్లున్నాయి, చూపున్నవారు వాటిని గమనించరు. కాజ టోల్‌గేటు దగ్గర బస్సు నెమ్మదించి, ఒకటి రెండుసార్లు ఆగి కదులుతుంది. ఆ తర్వాత మంగళగిరి, తాడేపల్లి. కనకదుర్గ వారధి ఎక్కగానే రెండు పక్కలా గాలి విప్పారుతుంది, చక్రాలు అతుకుల మీదుగా వెళ్లేటప్పుడు టకటకమని ఒక వరసలో చప్పుడు చేస్తాయి, వానాకాలంలో అయితే కృష్ణ వాసన కూడా తెలుస్తుంది. ఆ చప్పుడు ఆగితే కర్ర మడత విప్పుకోవలసిన వేళ అయినట్టు. బస్‌స్టేషనులో ఏ బస్సు ఏ ప్లాట్‌ఫారం మీద ఉందో మైకులో చెబుతారు. అది అంధుల కోసం పెట్టింది కాదు, అందరి కోసం పెట్టింది, అందుకే ఇన్నేళ్లుగా ఎవరూ తీసేయలేదు. అదే మైకు బస్సు లోపల ఉండి, రాబోయే స్టాపు పేరు చెబితే నాన్‌స్టాప్ బస్సు కోసం ఎదురుచూడవలసిన పని నాకు ఉండదు. కొత్త బస్సులలో దివ్యాంగులకు ప్రత్యేక సీట్లు, వాటి గుర్తులు, పట్టుకునే కమ్మీలు, చేతికర్రలు పెట్టుకునే ఏర్పాటు, చక్రాల కుర్చీ ఎక్కించి బిగించే ఏర్పాటు ఉండాలని కేంద్ర మోటారు వాహనాల నియమాలలో 2020 మార్చి 1 నుంచి ఉంది. స్టాపుల పేర్లు చెప్పే గొంతు కోసం మనం అడుగుతూ ఉండాలి.

ముందు వరుసలో ప్రత్యేకించిన సీట్లో మరొకరు కూర్చుని ఉంటే ఆయనే అడగాలి, గట్టిగా, మర్యాదగా. మొదటి నెల గొంతు పెగలదు. దివ్యాంగుడని చూపించుకోవడం ఇష్టంలేక కర్రను సంచిలో పెట్టుకుని తడుముకుంటూ నడిచే పెద్దమనుషులను నేను చూశాను, నేనూ కొన్నాళ్లు అదే చేశాను. నన్ను అంధుడంటే నాకు అభ్యంతరం లేదు, "పాపం" అంటేనే ఉంది. బస్‌స్టేషను నుంచి గవర్నరుపేటకు రోజుకొక కొత్త ఆటో కన్నా, నమ్మకమైన ఒక ఆటోవాడిని నెలకు మాట్లాడుకోవడం మేలు. ఒంటరిగా వెళ్లడమంటే ఎవరి సాయమూ లేకుండా వెళ్లడమని ఆయనా అనుకోకూడదు, మీరూ అనుకోకూడదు. ఏ సాయం, ఎవరి దగ్గర, ఎంతకు తీసుకోవాలో ఆయన నిర్ణయించుకుంటే చాలు. సాయం చేసేవారు ఆయన చెయ్యి పట్టుకుని లాగకూడదు. ఆయనే వారి మోచెయ్యి పట్టుకుని అరడుగు వెనకగా నడవాలి. ఇది మీ అమ్మగారికి కూడా చెప్పండి, మా ఇంట్లో ఈ ఒక్క పాఠానికి ఏడాది పట్టింది.

కాగితాల సంగతి త్వరగా చెప్పేస్తాను. వైకల్యాన్ని ధ్రువీకరించే సదరం పత్రం, దివ్యాంగుల గుర్తింపు కార్డయిన యూడీఐడీ లేకపోతే వార్డు సచివాలయంలో స్లాటు తీసుకుని ముందు అవి చేయించండి, బస్సు రాయితీ పాసుకైనా మరి దేనికైనా అవే మూలం. రైలుకు మాత్రం రైల్వే వారి నమూనాలోనే ప్రభుత్వ వైద్యుడు ఇచ్చే రాయితీ పత్రం కావాలి. పూర్తిగా చూపు లేనివారికి ఒంటరిగా వెళ్లినా, తోడుతో వెళ్లినా స్లీపరులోనూ మూడో ఏసీలోనూ ఛార్జీలో 75 శాతం తగ్గింపు ఉంటుంది, తోడు వెళ్లే ఒక మనిషికి కూడా అంతే. గుంటూరు, విజయవాడల మధ్య దీనితో మిగిలేది ఏమీ లేదు గాని, సికింద్రాబాదు వెళ్లేటప్పుడు గుర్తుకొస్తుంది.

ఉద్యోగంలో చేరే ముందు ఒక పని చేయించండి. ఎన్‌వీడీఏ అనే సాఫ్ట్‌వేరు కంప్యూటరు తెరను చదివి వినిపిస్తుంది, ఉచితం. ఎక్సెల్‌లో గడి గడికీ వెళ్లి అంకె చదువుతుంది. లెక్కల మనిషికి నెల రోజుల్లో పట్టుబడుతుంది. ఆ యజమాని వాడే బిల్లుల సాఫ్ట్‌వేరు దీనికి లొంగుతుందో లేదో మాత్రం చేరాక కాదు, చేరకముందే ఒక పూట అక్కడ కూర్చుని చూసుకోవాలి. లొంగకపోతే రిపోర్టులు ఎక్సెల్‌లోకి తీసి ఇమ్మని అడగాలి. ఆయనంతట ఆయన కబురు పెట్టిన యజమాని ఆమాత్రం కాదనరు.

కర్ర నేర్చుకున్నాక, ఒక ఆదివారం పొద్దున జనం లేని బస్సులో మీరిద్దరూ పక్కపక్కనే వెళ్లి రండి. దారిలో ఆనవాళ్లు మీరు చెప్పకండి, ఆయనను చెప్పనివ్వండి. రెండోసారి మీరు నాలుగు వరసలు వెనక కూర్చోండి. ఆయన దిగేటప్పుడు తడబడతారు, ఎవరినో అడుగుతారు, ఆ ఎవరో తప్పు దారి చెబుతారు. లేచి వెళ్లాలని మీకు అనిపిస్తుంది. కూర్చోండి. బండి కిందో గోతిలోనో పడబోతేనే లేవండి. ఇలా ఎన్నిసార్లు అన్నది ఆయనే చెబుతారు, "రేపు నువ్వు రాకమ్మా" అని. అప్పటిదాకా వెళ్లండి, ఆ మాట వచ్చాక ఆగిపోండి.

చివరిగా ఒకటి. ఇన్నేళ్లలో నేను గోతిలో పడ్డది ఒక్కసారే. కేబులు కోసం తవ్వి, చుట్టూ ఏమీ కట్టకుండా వదిలేసిన గొయ్యి అది. రోజూ నడిచే సందే, కర్ర దాన్ని పట్టుకునే ఉండేది. కాని సరిగ్గా అప్పుడే జేబులో ఫోను మోగింది, ఇంటి నుంచి, ఎక్కడున్నావని అడగడానికి. కర్రను ఎడమ చేతికి మార్చుకుని, ఫోను చెవి దగ్గర పెట్టుకుని "వస్తున్నాను" అంటూ దిగిపోయాను. మన ఇళ్లలో బయలుదేరిన మనిషిని వెనక నుంచి పిలిస్తే అపశకునమంటారు. నాకు శకునాల మీద నమ్మకం లేదు గాని, ఆ రోజు నుంచి ఈ ఒక్కటీ పాటిస్తాను. నడిచేటప్పుడు మాకు చెవులే కళ్లు, మోగే ఫోను వాటిని మూసేస్తుంది. అందుకని ఆయన ఆఫీసు మెట్లెక్కాక ఆయనే మీకు ఫోను చేస్తారు, దారిలో మీరు చేయకండి. అంతగా మనసు ఆగకపోతే, ఆయన ఒప్పుకుంటే, వాట్సాప్‌లో లైవ్ లొకేషన్ ఆయన చేతనే ఆన్ చేయించుకోండి. అది మోగదు. మీ ఫోనులో ఆయన ఒక చుక్కగా కనిపిస్తూ కదులుతుంటారు. ఆ చుక్క వారధి మీద పది నిమిషాలు కదలకుండా ఉన్నా కంగారు పడకండి, ఆ వేళకు అక్కడ ట్రాఫిక్ ఆగే ఉంటుంది.